నాలుగు మీటర్ల కారులో మజ్జి సీటు ఎవరికి?

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దాని పైన పెట్రోలు కారుకి ఒక శాతం, డీజిలు కారుకి మూడు శాతం ఉండే సెస్సు కూడా పోయింది. అప్పట్నుంచి మన గోదారి జిల్లాల్లో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా ఒకటే మాట: "ఏరా, బండెప్పుడు తీత్తన్నావు?" ఇదివరకు బండంటే మోటారుసైకిలు. ఇప్పుడు కారు. రొయ్యల చెరువు కలిసొచ్చినోడూ, గల్ఫు నుంచి తిరిగొచ్చినోడూ, హైదరాబాదులో చిన్న ఉద్యోగం దొరికినోడూ మొదటి కారు లెక్కలు ఏసుకుంటన్నారు.

కొనుక్కోండి. వద్దనే మనిషిని కాను నేను. షేరాటోలో పదిమంది మధ్య ఇరుక్కుని, బైకు మీద నలుగురు ఒదిగి తిరిగిన ఇంటికి కారు రావడం అంటే వట్టి గొప్ప కోసం కాదు. వానలో తడవకుండా తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళగలగడం ఎంత ధైర్యమో అనుభవించినోళ్ళకే తెలుసు.

కాకపోతే ఒక సంగతి మాట్లాడుకోవాలి. ఈమధ్య మా ఊరి కుర్రోళ్ళతో కలిసి రాజమండ్రిలోనూ భీమవరంలోనూ షోరూములకి ఎళ్ళాను. కొనేవాడు ఎక్కడ కూర్చుంటాడు? స్టీరింగు ముందు. స్క్రీను నొక్కి చూస్తాడు, సన్‌రూఫ్ తెరిపించుకుంటాడు, ఒక సెల్ఫీ దిగుతాడు. వాళ్ళమ్మ మాత్రం చేతిసంచీ పట్టుకుని బయట నిలబడి ఉంటాది. "ఎనక ఓసారి కూకో అమ్మా" అన్నోడు నాకు ఒక్కడు కూడా కనపడలేదు. రేపు కారు ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ సీటు ఎనకే. ముగ్గురుంటే ఆ ముగ్గురిలో మజ్జిన.

మన దేశంలో చిన్న కారుని పన్ను బయటినుంచి కొలుస్తంది. కంపెనీ బయటినుంచి అమ్ముతంది. మనం కూడా బయటినుంచే కొంటన్నాం. లోపల కూర్చునే ఐదుగురి లెక్క ఎవరి కాయితంలోనూ లేదు. నేను చెప్పాలనుకునే ముక్క ఇదే.

ఈ నాలుగు మీటర్ల గీత ఎక్కడిది?

2006 కేంద్ర బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏది? పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపుండాలి. ఆనాడు గీసిన ఆ గీతే సుంకాలు పోయి జీఎస్టీ వచ్చినా, జీఎస్టీ రేట్లు మారినా చెక్కుచెదరలేదు.

ఇప్పుడైతే ఆ గీత ఇంకా పదునెక్కింది. గీతకి ఇవతలుంటే 18 శాతం. అవతలుంటే 40 శాతం. పన్ను కాకుండా ఏడు లక్షలు పలికే కారుని తీసుకోండి. 18 శాతమైతే పన్ను 1,26,000 రూపాయలు. 40 శాతమైతే 2,80,000. మధ్యలో తేడా లక్షా యాభైనాలుగు వేలు. మనలాంటోళ్ళకి ఆ తేడాయే కారు కొనడమా, మానడమా అన్నది తేలుస్తాది.

అందుకే షోరూములో కాయితాలు తిరగేస్తే ఏ కారు చూసినా 3,995 మిల్లీమీటర్లు, 3,990 మిల్లీమీటర్లు అని ఉంటాది. డిజైరు 3,995. అమేజు 3,995. నెక్సాన్ 3,995. బ్రెజా 3,995. బలేనో 3,990. అందరూ గీతకి అర సెంటీమీటరో ఒక సెంటీమీటరో ఇవతల నిలబడిపోయారు, గట్టు మీద గొడుగు పట్టుకున్నోళ్ళలాగ.

ఇంకో తమాషా చూడండి. బ్రెజా పొడవు గీత లోపలే ఉంది, కానీ దాని పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ. అందువల్ల 40 శాతం పన్నులోకి పోయింది. అంతే పొడవున్న నెక్సాన్ పెట్రోలు ఇంజిన్ 1199 సీసీ. అది 18 శాతంలో ఉంది. లోపల కూర్చునే మనిషికి ఈ రెండిటిలో ఏది సుఖమన్నది ఈ లెక్కకి అక్కర్లేదు.

గీత కోసం కార్లని ఎలా కోశారో కూడా తెలుసుకోవాలి. 2008లో టాటా వాళ్ళు ఇండిగో కారు తోక కత్తిరించి ఇండిగో సీఎస్ అని తెచ్చారు. నాలుగు మీటర్ల లోపు సెడాన్లకి అదే మొదలు. 2012లో మారుతి అదే పని చేసింది. అంతకు ముందు స్విఫ్ట్ డిజైరు పొడవు 4,160 మిల్లీమీటర్లు, దాన్ని 3,995కి కుదించారు. డిక్కీ 440 లీటర్ల నుంచి 316 లీటర్లకి పడిపోయింది. పన్ను తగ్గిన లాభం ఒక చేత్తో ఇచ్చి, సంక్రాంతికి బియ్యం మూటా, అరిసెల డబ్బాలూ పెట్టుకునే చోటు ఇంకో చేత్తో లాక్కున్నారు. తరవాత వచ్చిన డిజైర్లలో డిక్కీ కొంత కోలుకుంది. ఇప్పటిది 382 లీటర్లు. అమేజుది 416. అయినా 2012కి ముందున్న 440కి ఏదీ చేరలేదు.

ఒక్కో దేశానికి ఒక్కో టేపు

చిన్న కారు అనే మాటకి ప్రపంచమంతా ఒకటే అర్థం లేదు. జపానులో కేయి కార్లని ఉంటాయి. వాటికి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ. ఇవి దాటకూడదు. పొడవూ వెడల్పూ రెండూ బిగించేసరికి అక్కడి ఇంజినీర్లు ఎత్తు వైపు చూశారు. కారుని నిలువుగా పెంచి, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినట్టు నిటారుగా కూర్చోబెట్టారు. ఇరుకు సందుల్లో దిగడానికి పక్కకి జారే తలుపులు పెట్టారు. మనకి తెలిసిన వాగన్ ఆర్ 1993లో ఆ బాపతులోనే పుట్టింది. 1999లో మన దేశానికి వచ్చింది.

అమెరికాది ఇంకో దారి. అక్కడి పర్యావరణ సంస్థ కారుని చిన్నదా పెద్దదా అని తేల్చేది లోపలి చోటుని బట్టి. మనుషులు కూర్చునే చోటూ, సామాను పెట్టే చోటూ కలిపి ఘనపుటడుగుల్లో లెక్క కడతారు. వంద నుంచి నూటపది లోపుంటే కాంపాక్టు. నూటపది నుంచి నూటఇరవై లోపుంటే మధ్యరకం. బయట ఎంత పొడవున్నా, లోపల ఇరుగ్గా ఉంటే అది చిన్న కారే.

మనది బయటి పొడవు ఒక్కటే చూసే టేపు. వెడల్పు మీద హద్దు లేదు, లోపలి చోటు మీద లెక్క లేదు. దాని ఫలితం ఏటంటే, కంపెనీలు కారు మొహాన్ని ఎత్తుగా కొండలాగ పెంచాయి, పక్కలు ఉబ్బించాయి, చక్రాల మీద నల్ల ప్లాస్టిక్కు తొడిగాయి. దూరం నుంచి చూస్తే పెద్ద బండే. ఎక్కి కూర్చుంటే పైన పటారం, లోన లొటారం అన్నట్టుంటాది కొన్నిట్లో.

అంకెలు ఏం చెప్తాయి, ఏం దాస్తాయి

ఎనకాల కాళ్ళ చోటుకి సంబంధించి కాయితంలో దొరికే అంకె ఒక్కటే. వీల్‌బేస్. అంటే ముందు చక్రాల ఇరుసు నుంచి వెనక చక్రాల ఇరుసు దాకా ఉన్న దూరం. మనుషులు కూర్చునేది దాదాపు ఆ రెండు ఇరుసుల మధ్యనే. కాబట్టి మొత్తం పొడవు కంటే ఈ అంకె ముఖ్యం.

కంపెనీలు చెప్పే లెక్కలే చూద్దాం. వాగన్ ఆర్ పొడవు 3,655 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 2,435. స్విఫ్ట్ పొడవు 3,860, వీల్‌బేస్ 2,450. బయటికి స్విఫ్ట్ ఇరవై సెంటీమీటర్లు పొడవైనది. ఇరుసుల మధ్య తేడా ఒకటిన్నర సెంటీమీటరే. పైగా వాగన్ ఆర్ ఎత్తు 1,675. స్విఫ్ట్ కంటే జానెడు దాకా ఎత్తులో మిగులుతుంది. ఎత్తుగా కూర్చున్న మనిషి కాళ్ళు కిందికి దిగుతాయి. పల్లంగా కూర్చున్న మనిషి కాళ్ళు ముందుకి చాచాలి. అందుకే చిన్నగా కనపడే వాగన్ ఆర్ ఎనక సీట్లో పెద్దోళ్ళు "పర్లేదురా" అంటారు. చూపుకి పదునుగా ఉండే స్విఫ్ట్ ఎనక సీట్లోకి నడుం వంచి దిగాలి.

బలేనో వీల్‌బేస్ 2,520. నెక్సాన్‌ది 2,498. ఎత్తుగా, గంభీరంగా ఉండే కారు కంటే నేలకి దగ్గరగా ఉండే బలేనోకే ఇరుసుల మధ్య దూరం ఎక్కువ. స్కోడా కైలాక్‌ది 2,566. రెనో ట్రైబర్ అయితే 3,990 పొడవులోనే 2,636 వీల్‌బేస్ పెట్టి, మూడు వరసల సీట్లు సర్దింది. ఏడుగురూ కూర్చుంటే డిక్కీ 84 లీటర్లే. అంటే రెండు చేతిసంచులు. మూడో వరస తీసి ఇంట్లో పెట్టుకుంటే 625 లీటర్లు. దీన్ని నేను తప్పుగా అనను. ఏడుగురు కావాలా, సామాను కావాలా అని అది మనల్నే అడుగుతుంది. అడగకుండా మోసం చేసేవాటికంటే నయం.

ఇక వెడల్పు. వాగన్ ఆర్ 1,620. టియాగో 1,677. స్విఫ్ట్, డిజైరు 1,735. నెక్సాన్ 1,804. వాగన్ ఆర్‌కీ నెక్సాన్‌కీ పద్దెనిమిది సెంటీమీటర్ల తేడా ఉంది. అదంతా మన భుజాలకే వస్తుందా అంటే రాదు. తలుపు మందం, లోపలుండే ఇనప కడ్డీలు, సీసా పెట్టుకునే అరలు, మోచెయ్యి ఆనే దిండు, ఇవన్నీ తలో కాస్త తినేస్తాయి. ప్రమాదంలో కాపాడే మందాన్ని నేను కాదనను, అది కావాలి. నేననేది ఏటంటే, బయటి వెడల్పు చూసి లోపల ముగ్గురు పడతారని నమ్మకూడదు.

ఒక మోస్తరు మగమనిషి భుజాలు 42 నుంచి 46 సెంటీమీటర్లు ఉంటాయి. ముగ్గురంటే 126 నుంచి 138. ఎనక సీటులో ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా భుజాల ఎత్తులో టేపు పెట్టి చూడండి. 130 కూడా రాకపోతే కాయితంలో ఐదుగురని రాసున్నా అది నలుగురి కారే. ఐదో మనిషి ఒక భుజం ముందుకి, ఒక భుజం ఎనక్కి పెట్టి, ఊరొచ్చే దాకా చేప బుట్టలో చేపలాగ పడుండాలి.

సీటంటే మెత్తదనం కాదు

షోరూములో మనోళ్ళు సీటుని చేత్తో నొక్కి చూసి "మెత్తగా ఉందిరా" అంటారు. పది నిమిషాలకి మెత్తదనం బాగానే ఉంటాది. మూడు గంటలయ్యాక మెత్తటి స్పాంజి కిందికి దిగిపోయి, బరువంతా పిర్రల ఎముకల మీదికొస్తుంది. కొంచెం గట్టిగా ఉండి ఒంటిని సమంగా మోసే సీటే దూరాబారానికి మంచిది.

చూడాల్సింది తొడ. కూర్చున్నప్పుడు తొడ కింద సీటు మోకాలి దగ్గర దాకా ఆనాలి. చిన్న కార్లలో కాళ్ళ చోటు ఎక్కువ చూపించడానికి కూర్చునే మెత్తని పొట్టిగా కోస్తారు. అప్పుడు మోకాలికీ ముందు సీటుకీ మధ్య బోలెడు చోటు కనపడుతుంది, ఫోటోలో బాగుంటాది. తొడ సగం మాత్రం గాల్లో వేలాడుతుంది. రాజమండ్రి నుంచి విజయవాడ చేరేసరికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

కింద బ్యాటరీ పెట్టిన ఎలక్ట్రిక్ కార్ల మీద పన్ను అయిదు శాతమే. ఖర్చు తక్కువ, నిజమే. పెట్రోలు కారునే మార్చి బ్యాటరీ పెట్టిన కొన్నిట్లో నేల కాస్త పైకొచ్చి మోకాళ్ళు లేచిపోతాయి. తొడ సీటుకి ఆనదు. సన్‌రూఫ్ ఉన్న కారులో కప్పు ఒకటి రెండంగుళాలు కిందికొస్తుంది. పొడుగు మనిషికి తల తగులుతుంది. మనూరి ఎండలో సన్‌రూఫ్ ఎన్నిరోజులు తెరుస్తామో ఎవరికి వాళ్ళే ఆలోచించుకోండి.

తలుపు సంగతి కూడా ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళకి సీటు ఎత్తు వాళ్ళ మోకాలి కంటే కొంచెం పైన ఉండాలి. అలాగైతే పక్కకి జరిగి కూర్చుంటే చాలు. సెడాన్లలో సీటు పల్లంగా ఉంటాది. దిగడం తేలికే, లేవడం కష్టం. ఆల్ట్రోజ్, పంచ్ లాంటివాటిలో తలుపులు తొంభై డిగ్రీల దాకా తెరుచుకుంటాయి. ఇలాంటి చిన్న సౌకర్యం టచ్ స్క్రీను కంటే ఎక్కువ రోజులు పనికొస్తుంది. ప్రకటనలో మాత్రం స్క్రీను ముందుంటాది.

కొన్నాక మనోళ్ళు చేసే పని ఇంకోటుంది. మందపాటి రెగ్జిను కవర్లు ఎక్కిస్తారు. లోపలి చోటు మరింత తగ్గుతుంది. ముందు సీట్ల పక్కల్లో ఎయిర్‌బ్యాగులున్న కార్లకి సరిపోని కవరు ఏస్తే, అవసరం వచ్చిన క్షణంలో ఆ బ్యాగు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. చోటుకీ చేటే, ప్రాణానికీ చేటే.

మన రోడ్డు, మన ప్రయాణం

కారు కంపెనీ దృష్టిలో మన ప్రయాణం ఏటో నాకు తెలీదు కానీ, మనకి తెలుసు. కోనసీమ లోపలి ఊళ్ళ నుంచి రాజమండ్రికో కాకినాడకో ఆసుపత్రికి. అన్నవరం పెళ్ళికి. ద్వారకా తిరుమల మొక్కుకి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి నాలుగొందల కిలోమీటర్ల పైన, అందులో పంతంగి టోల్‌గేటు దగ్గర నిలబడిపోయే సమయం అదనం. వీటిలో ఒంటరిగా ఎళ్ళేవి ఎన్ని? ప్రతీదీ ఇంటిల్లిపాదీ కలిసి ఎళ్ళేదే. కారు పెళ్ళిలో అబ్బాయికి ముచ్చట, ప్రయాణంలో ఐదుగురికి అవసరం.

నల్లరేగడి మీద ఏసిన రోడ్లు వానాకాలానికి కుంగుతాయి. కాలవ గట్టు రోడ్డు గతుకులు చెప్పక్కర్లేదు. ఎనక ఇరుసు మీద కూర్చున్నోళ్ళకే కుదుపు ఎక్కువ. అందులో మజ్జిన కూర్చున్నోళ్ళకి మరీ. కింద సీటు మెత్త అక్కడ పలచగా, ఉబ్బుగా ఉంటాది. కాళ్ళ దగ్గర నేల మిట్ట అడ్డం. ఆనుకుందామంటే చాలా కార్లలో అక్కడే మడత ఆర్మ్‌రెస్ట్ పలక గట్టిగా వీపుకి గుచ్చుకుంటాది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది దాచను. గట్టు రోడ్డు మీద ఎదురుగా ఊక ట్రాక్టరు వస్తే, 1,804 మిల్లీమీటర్ల కారుకంటే 1,620 కారు తోలేవాడు నిబ్బరంగా పక్కకి తీస్తాడు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదకి ఎక్కించేటప్పుడు కూడా చిన్న బండే సులువు. కాబట్టి పెద్ద కార్లు కావాలని నేను అడగటం లేదు. మన నేలకి చిన్న కారే తగింది. బయట చిన్నగా, లోపల మనిషి పట్టేలాగ కట్టొచ్చని జపానోడు చూపించాడు కదా, ఆ కట్టడం కావాలంటన్నాను.

డిక్కీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజూ తిరిగేవాళ్ళు సీఎన్జీ కారు అడుగుతున్నారు. మామూలుగా సిలిండరు డిక్కీని తినేస్తాది. సామాను ఎక్కడికి పోతుంది? సీట్లోకి. మజ్జి సీటు మనిషి ఒళ్ళోకి. 2023లో ఆల్ట్రోజ్‌తో టాటా, ఆ తరవాత ఎక్స్‌టర్‌తో హ్యుందాయి ఒక పెద్ద సిలిండరుకి బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున సర్ది కొంత చోటు మిగిల్చాయి. 2025లో మారుతి విక్టోరిస్‌లో సిలిండర్లని కారు కిందకే దించింది, కాకపోతే అది నాలుగు మీటర్లు దాటిన కారు. చెయ్యాలనుకుంటే దారి ఉందనడానికి ఇవే సాక్ష్యం.

మజ్జి సీటు ఎవరికి పడుతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్రతి ఇంట్లోనూ ఒక రాయని చట్టం ఉంటాది. ముందు సీటు నాన్నకో బావగారికో. ఎనక కిటికీలు ఇద్దరికి. మజ్జిన కూర్చునేది "నువ్వు సన్నంగా ఉన్నావు కదా" అనిపించుకునే ఆడపిల్ల. లేదా కొత్త కోడలు. లేదా నోరెత్తని నాయనమ్మ. చోటు అందరికీ సమంగా తగ్గదు. ఎదురు మాట చెప్పలేనోళ్ళకే తగ్గుతుంది. కారు ఇరుకు మన ఇంటి ఇరుకుని బయటపెడుతుంది, అంతే.

సుఖంతో అయిపోతే సర్దుకుపోవచ్చు. ప్రాణం కూడా ఉంది అందులో. చాలా ఏళ్ళపాటు మన కార్లలో ఎనక మజ్జి సీటుకి నడుం మీద కట్టుకునే రెండు పాయింట్ల బెల్టే ఇచ్చారు. భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు పక్కవాళ్ళకే. కొన్నిట్లో మజ్జి సీటుకి హెడ్‌రెస్ట్ కూడా ఉండదు. ఎనకనుంచి లారీ గుద్దితే మెడ ఆగేది దాని మీదే. 2022 ఫిబ్రవరిలో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ మజ్జి సీటుకి కూడా మూడు పాయింట్ల బెల్టు తప్పనిసరి చేస్తామన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన కూర్చుంది ఎనక సీట్లో, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఖరీదైన కారులోనే అలాగైతే, మన కారులో ఆరో మనిషిగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పిల్ల సంగతేటి? కారు యాభై వేగంలో ఠక్కున ఆగితే ఏ తల్లి చేతులూ ఆ పిల్లని పట్టి ఉంచలేవు.

"ఏటండీ, బైకు మీద నలుగురం ఎళ్ళినోళ్ళం, ఇదో లెక్కా" అంటారు కొందరు. బైకు మీద ఎళ్ళింది గత్యంతరం లేక. ఏడెనిమిది లక్షలు పోసి, ఏడేళ్ళు వాయిదాలు కట్టి కూడా గత్యంతరం లేనట్టే కూర్చోవాలా?

అంకె కనపడితేనే మార్పు

ప్రభుత్వాన్నీ కంపెనీలనీ అడగాల్సింది ఒకటుంది. 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని మన దేశంలోనే కార్లని గుద్దించి నక్షత్రాలు ఇస్తున్నారు. అది తప్పనిసరి కూడా కాదు, కంపెనీ ఇష్టం. అయినా ఏం జరిగింది? మన కుర్రోళ్ళు షోరూములో "ఎన్ని స్టార్లండి?" అని అడగడం మొదలెట్టారు. అడిగేసరికి కంపెనీలు దారిలోకొచ్చాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు కూడా చట్టం చేస్తామని, చివరికి చెయ్యలేదు. అయినా 2025లో మారుతి ఆల్టో కే10, వాగన్ ఆర్ లాంటి చవక కార్లలో కూడా ఆరూ పెట్టేసింది. చూడటానికో అంకె, అడిగే నోరూ ఉంటే సర్కారు కదలకపోయినా సరుకు కదులుతుంది.

లోపలి చోటుకి అలాంటి అంకె లేదు. మైలేజీని ధ్రువీకరించి రాస్తారు. డిక్కీ లీటర్లు రాస్తారు. ఎనక సీటు దగ్గర భుజాల వెడల్పు, మోకాలి చోటు, కూర్చునే మెత్త పొడవు, నేల నుంచి సీటు ఎత్తు, ఈ నాలుగూ మాత్రం రాయరు. అన్ని కార్లనీ ఒకే పద్ధతిలో కొలిచి, అద్దం మీద చీటీ అంటించమనండి. ఇదేం కొత్త విద్య కాదు, అమెరికా ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో నాలుగు మీటర్ల లోపు సోనెట్, సైరోస్ తయారవుతున్నాయి. సైరోస్‌లో ఎనక సీటు ముందుకీ ఎనక్కీ జరుగుతుంది, వాలుతుంది కూడా. అంటే ఇదే పొడవులో ఎనకవాళ్ళ గురించి ఆలోచించగల ఇంజినీర్లు ఉన్నారు. ఆ ఆలోచన అన్ని కార్లకీ, కింది వేరియంట్లకీ దిగాలంటే కొలత బయటపడాలి.

పన్ను గీత గురించి కూడా అడగాలి. ప్రజల సొమ్ములోంచి రాయితీ ఇస్తున్నప్పుడు, ఐదుగురికి పనికొచ్చే కారుకి ఇస్తున్నామా, ఇద్దరికి ముస్తాబైన కారుకి ఇస్తున్నామా అని చూడాలి కదా. బయటి పొడవుతోపాటు, ఐదుగురి కారని అమ్మేదాంట్లో ఐదుగురికీ సరైన బెల్టు, హెడ్‌రెస్ట్, సరిపడా భుజం చోటు ఉండాలని షరతు పెడితే ఖజానాకి పోయేదేం లేదు.

అంతదాకా మనం చెయ్యగలిగింది మన చేతిలోనే ఉంది. తమ్ముడూ, చెల్లీ, షోరూముకి ఒక్కరూ ఎళ్ళకండి. రేపు ఆ కారులో తిరిగేవాళ్ళందర్నీ తీసుకెళ్ళండి. ముందు సీటుని మీకు తగ్గట్టు జరిపి, దాని ఎనకాల మీరే కూర్చోండి. మోకాలికీ సీటుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. ముందు సీటు కిందకి పాదం దూరాలి, సీటు పూర్తిగా కిందికి దించి మరీ చూడండి. ముగ్గురు పెద్దోళ్ళు ఎనక కూర్చుని రెండు తలుపులూ వేసుకోవాలి. మజ్జి సీటు బెల్టు లాగి, భుజం మీదుగా వస్తందో లేదో చూడాలి. సీఎన్జీ అయితే డిక్కీ తెరిపించి, మీ బియ్యం మూట ఎక్కడ పడుతుందో అడగాలి. టెస్ట్ డ్రైవు సాఫు రోడ్డు మీద అయిదు నిమిషాలు ఒద్దని, గతుకుల రోడ్డు మీద అరగంట అడగాలి. ఇవ్వననేవాడి దగ్గర కొనక్కర్లేదు, ఊళ్ళో ఇంకో షోరూముంది.

ఆఖరున మజ్జిన కూర్చున్న మనిషినే అడగండి, ఎలా ఉందని. ఆవిడ అలవాటుగా "పర్లేదులేరా" అంటాది. ఆ మాటకి సరేననకుండా, లేపి మీరు ఆ చోటులో పావుగంట కూర్చోండి. అడ్వాన్సు ఇచ్చేది ఆ తరవాతే.